విడిభాగాలు కొన్నవారివి, బిగింపు దుకాణానిది: మధ్యన ఒక రసీదు ఉండాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. నెల్లూరులోనూ, కావలి, ఆత్మకూరు, కోవూరు వంటి ఊళ్లలోనూ కంప్యూటర్ కొనే పద్ధతి కొన్నేళ్లుగా మారుతూ వస్తోంది. ఒకప్పుడు దుకాణానికి వెళ్లి మన దగ్గర ఉన్న డబ్బు ఎంతో చెబితే దుకాణదారు కొటేషన్ రాసిచ్చేవారు. దాని మీద కాస్త బేరమాడి, బయానా ఇచ్చి వస్తే, ఒకటి రెండు రోజుల్లో సిస్టమ్ బిగించి ఇచ్చేవారు. ఇప్పుడు ప్రాసెసర్‌ను ఒక ఆన్‌లైన్ సంస్థ దగ్గర, భాగాలన్నీ తగిలించే మదర్‌బోర్డును ఇంకొక సంస్థ దగ్గర, క్యాబినెట్టును చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొని, పాత సిస్టమ్‌లోని హార్డ్ డిస్కును ఊడదీసి, అన్నింటినీ అట్టపెట్టెలతో సహా దుకాణం బల్ల మీద పెట్టి, "బిగించి ఇవ్వండి, మీ ఛార్జీ మీరు తీసుకోండి" అనేవారు పెరిగారు. ఈ పని మన జిల్లాలో ఎలా జరుగుతోందో, దాని మీద తగాదాలు ఎందుకు పుడుతున్నాయో, వాటిని తగ్గించడానికి ఏం చేయవచ్చో మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాడిని. ఆ కారణంగా మా పేటలో ఎవరి సిస్టమ్ పాడైనా, ఎవరికి దుకాణంతో మాటామాటా పెరిగినా నన్ను పిలవడం అలవాటైంది. నా దగ్గర చదువుకున్న వారిలో కొందరు ఇదే వ్యాపారంలో ఉన్నారు కాబట్టి దుకాణదారుల మాటలూ విన్నాను. రెండు వైపులా విన్న తరువాత నాకు తోచింది ఇదీ. వినియోగదారు తెచ్చిన విడిభాగాలను బిగించడం దుకాణదారు మొహమాటానికి చేసే ఉపకారంగానో, వినియోగదారు వ్యాపారికి చేసిన ద్రోహంగానో చూడడం మానాలి. అది నైపుణ్యంతో కూడిన కూలి పని. దానికి ముందే చెప్పిన కూలి ఉండాలి, వస్తువులు అప్పగించేటప్పుడు సీరియల్ నంబర్లతో రసీదు ఉండాలి, తిరిగి తీసుకునేటప్పుడు ఇద్దరి ఎదుటా పరీక్ష జరగాలి. ఈ మూడూ లేకపోవడం వల్లనే, పది నిమిషాల్లో తేలవలసిన విషయాలు నెలల తరబడి నానుతున్నాయి.

జనం విడిభాగాలు తామే ఎందుకు కొంటున్నారన్న ప్రశ్నకు ధర ఒక్కటే జవాబు కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ గానీ ఆ తరువాతిది గానీ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అంతకు ముందరి సిస్టమ్‌లతో ట్యాలీ లెక్కలు, బియ్యం మిల్లుల బిల్లులు, రొయ్యల మేత డీలర్ల ఖాతాలు నిక్షేపంగా నడుపుకుంటున్న వారు సైతం ఇప్పుడు బోర్డు, ప్రాసెసర్ మార్చుకోవలసి వస్తోంది. అయితే క్యాబినెట్టు, డిస్కులు, మానిటరు బాగానే ఉన్నప్పుడు వాటిని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. దీనికి తోడు 2025 చివరి నుంచి ర్యామ్ (సిస్టమ్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున కొంటుండడమే అందుకు ముఖ్య కారణం. మెమరీ చిప్‌లు తయారుచేసే మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో సాధారణ వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. ధర తక్కువగా ఉన్నప్పుడు కొని దాచుకున్న ర్యామ్‌నో, బంధువుల ఇంట్లో వాడకుండా పడి ఉన్న ర్యామ్‌నో తెచ్చుకుని వాడుకోవాలని ఎవరైనా అనుకుంటే అందులో తప్పేముంది? పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వారికైతే తమకు ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలో దుకాణదారు కంటే తమకే బాగా తెలుసు. ఆ కార్డు మన ఊళ్లో దొరకకపోతే దాదాపు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి పొద్దున రైలెక్కి వెళ్లి, రాత్రికి కార్డుతో తిరిగి వస్తారు.

దుకాణదారుల వాదనలోనూ బలం ఉంది. ఇన్నాళ్లూ వారు బిగింపు కూలిని వేరుగా చూపించలేదు. విడిభాగాల మీద వచ్చే కొద్దిపాటి లాభంలోనే అది కలిసిపోయేది. ఆన్‌లైన్ ధరలు ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ కనిపించడం మొదలయ్యాక ఆ లాభం సన్నగిల్లింది. ఇప్పుడు భాగాలన్నీ బయటి నుంచి వస్తే కూలి ఒక్కటే మిగులుతుంది. ఆ కూలి వెయ్యి రూపాయలని చెబితే, "నాలుగు స్క్రూలు బిగించడానికి వెయ్యా?" అని అడిగేవారు ఉన్నారు. నిజానికి జాగ్రత్తగా చేస్తే అది ఒక పూట పని. బోర్డు కింద దానిని ఎత్తి నిలిపే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు సరైన రంధ్రాల దగ్గర ఉన్నాయో లేదో చూడాలి, ఎందుకంటే అక్కరలేని చోట ఒకటి మిగిలిపోతే బోర్డు వెనక షార్ట్ అవుతుంది. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొరను తీసి, వేడిని కూలర్‌కు చేరవేసే పేస్టు సమంగా వేయాలి. వైర్లు ఫ్యానుకు తగలకుండా సర్దాలి. బయోస్ (స్విచ్ వేయగానే బోర్డు మీద నడిచే మూల సాఫ్ట్‌వేర్) సరిచేయాలి, విండోస్, డ్రైవర్లు వేయాలి. ర్యామ్‌ను సవ్యంగా పరీక్షించాలంటే దానికే గంటలు పడుతుంది. ఇంత చేసిన తరువాత ఆరు నెలలకు ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె) కాలిపోతే, దానిని అమ్మిన సంస్థను వదిలి బిగించిన మనిషి దగ్గరికే వస్తారు. ఈ విసుగుతోనే కొన్ని దుకాణాల వారు బయట కొన్న సామాను బిగించబోమని ముఖం మీదే చెబుతున్నారు. ఆ పని ఒప్పుకోకపోవడం వారి ఇష్టం, నేను తప్పుపట్టను. ఒప్పుకుని, ఏ కాగితమూ ఇవ్వకుండా, నాలుగు రోజులు మూల పడేసి, చివరికి "మీ బోర్డే బాగా లేదు" అని అట్టపెట్టె చేతిలో పెట్టడాన్ని మాత్రం తప్పుపడతాను.

ఇలాంటి తగాదాల్లో అన్నింటికంటే చిక్కైనది మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోని పిన్నుల వ్యవహారం. ఇంటెల్ సంస్థ 2004లో ఎల్‌జీఏ 775 సాకెట్‌తో డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు ఉండే పిన్నులను తీసివేసి వాటిని బోర్డు మీది సాకెట్‌లోకి మార్చింది. పన్నెండో తరం నుంచి పద్నాలుగో తరం వరకు వాడిన ఎల్‌జీఏ 1700లో పేరులోనే ఉన్నట్లు 1700 కాంటాక్టులు ఉంటాయి. అవి వెంట్రుకంత సన్నని స్ప్రింగు పిన్నులు. ఇంటెల్‌కు పోటీ సంస్థ అయిన ఏఎండీ వారు ఏఎం4 సాకెట్ వరకు పిన్నులను ప్రాసెసర్ అడుగునే ఉంచి, 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌తో వారు కూడా బోర్డు మీదికి మార్చారు. ప్రాసెసర్‌ను ఒక పక్కకు వాల్చి దించినా, చేతిలోంచి జారి సాకెట్ మీద పడినా, చొక్కా చేతి అంచు తగిలినా ఒకటి రెండు పిన్నులు వంగిపోతాయి. వంగిన పిన్ను ఏదన్న దాన్ని బట్టి ఒకోసారి డిస్‌ప్లే అసలే రాదు, ఒకోసారి రెండు ర్యామ్‌లలో ఒకటే కనిపిస్తుంది, ఇంకోసారి గ్రాఫిక్స్ కార్డు సగం వేగంతో పనిచేస్తుంది. చివరి రెండు సందర్భాల్లో తప్పు బయటపడడానికి వారాలు పట్టవచ్చు.

వంగిన పిన్నులను తయారీ సంస్థలు భౌతిక నష్టంగా లెక్కిస్తాయి, వారంటీ ఇవ్వవు. అప్పుడు ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: ఆ పిన్ను ఎప్పుడు వంగింది? బోర్డు అమ్మిన సంస్థ పంపినప్పుడే వంగి ఉందా, ఇంట్లో కుర్రవాడు ఉత్సాహం కొద్దీ మూత తీసి చూసినప్పుడు వంగిందా, దుకాణంలో పనివాడి చేతిలో వంగిందా? నేను చూసిన ప్రతి తగాదాలోనూ ముగ్గురూ తమ వల్ల కాదనే చెప్పారు. వారిలో ఎవరూ అబద్ధమాడుతున్నారని చెప్పడానికి నాకు ఆధారం దొరకలేదు. దుకాణం బల్ల మీద బోర్డు పెట్టిన క్షణంలో, సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీసి, ఇద్దరూ చూసి, ఫోన్‌తో దగ్గరగా ఒక ఫొటో తీసి ఉంటే ఆ తగాదాకు చోటే ఉండేది కాదు. అందుకు పట్టే సమయం అర నిమిషం. ఆ ప్లాస్టిక్ మూతను పారేయకుండా పెట్టెలో ఉంచుకోమని కూడా ఈ సందర్భంగా చెబుతున్నాను, ఎందుకంటే బోర్డును వారంటీకి తిరిగి పంపవలసి వస్తే మూత లేకుండా తీసుకోని సంస్థలు ఉన్నాయి.

రెండో చిక్కు గడువుల గురించి. దీనిని చాలామంది గమనించడం లేదు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు పాడైనదని తేలితే మార్చుకోవడానికి అమ్మకందారు ఇచ్చే గడువు సాధారణంగా వారం పది రోజులు. అది ఆ వస్తువు మన చేతికి అందిన రోజు నుంచే మొదలవుతుంది. డబ్బు సమకూరినప్పుడల్లా, ఆఫర్ వచ్చినప్పుడల్లా ఒకో భాగం కొనేవారి ఇంట్లో ప్రాసెసర్ ముందు నెలలో వచ్చి ఉంటుంది, ఎస్ఎంపీఎస్ చివరికి వస్తుంది. అన్నీ చేరి, దుకాణానికి తీసుకువెళ్లి, అక్కడ వరుసలో నాలుగైదు రోజులు ఆగి, మొట్టమొదటిసారి స్విచ్ వేసేసరికి సగం భాగాల గడువు దాటిపోతుంది. ఆ తరువాత మిగిలేది తయారీ సంస్థ వారంటీయే. అందులో వస్తువును సర్వీస్ కేంద్రానికి పంపి, మరమ్మతు చేసినదో మార్చినదో వచ్చేవరకు ఎదురుచూడాలి. కాబట్టి విడిగా కొనదలచినవారు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎంపీఎస్ ఈ నాలుగింటినీ వీలైనంత దగ్గర దగ్గర రోజుల్లో తెప్పించుకోవాలి. దుకాణదారు కూడా క్యాబినెట్టు జోలికి పోకముందే ఈ నాలుగింటినీ బల్ల మీద, బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదనే పెట్టి, డిస్‌ప్లే వస్తోందో లేదో సామాను తెచ్చిన రోజునే చూసి చెప్పాలి. మిగతా బిగింపు తరువాత తీరిగ్గా చేసుకోవచ్చు. అనుభవం ఉన్న పనివారు ఎలాగూ ఇలాగే చేస్తారు. వినియోగదారు ఎదుట చేయడం ఒక్కటే కొత్త.

ఒకదానికొకటి సరిపడని భాగాలు తేవడం మరొక సమస్య. దీనిలో తప్పు దాదాపు ఎప్పుడూ కొన్నవారిదే. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ భాగం ఉండదు. ధర కాస్త తక్కువని అది కొని, గ్రాఫిక్స్ కార్డు లేకుండా వచ్చి, తెర మీద బొమ్మ రాలేదని దుకాణదారును నిలదీసినవారు ఉన్నారు. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4 రకం ర్యామ్ తీసుకునేవీ, డీడీఆర్5 రకం తీసుకునేవీ వేరువేరుగా ఉంటాయి, ఒకదాని ర్యామ్ మరొకదానిలో దిగదు. పాత బోర్డు మీద కొత్త ప్రాసెసర్ వేసేటప్పుడు బయోస్ అప్‌డేట్ అవసరం కావచ్చు. ఇంటెల్ 600 శ్రేణి బోర్డులకు పదమూడో తరం ప్రాసెసర్‌తోనూ, ఏఎండీ బీ450 బోర్డులకు రైజెన్ 5000 శ్రేణితోనూ ఈ అనుభవం ఎదురైంది. అందుకు దుకాణంలో వేరే పాత ప్రాసెసర్ ఒకటి ఉండాలి, లేదా బోర్డులోనే ప్రాసెసర్ లేకుండా బయోస్ మార్చే సౌకర్యం ఉండాలి. ఇది అదనపు పని, దానికి అదనపు కూలి అడిగితే ఇవ్వడం న్యాయం.

ఎస్ఎంపీఎస్ గురించి కొంచెం ఎక్కువ రాయవలసి ఉంది. పాత క్యాబినెట్టుతో వచ్చిన, పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్‌నే కొత్త సిస్టమ్‌కు వాడమని పట్టుబట్టేవారు మన దగ్గర ఎక్కువ. దాని మీద 450 వాట్లని ముద్రించి ఉన్నా, లోపలి భాగాలు ఆ భారాన్ని మోయలేకపోవచ్చు. అది పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోతే నష్టం ఎవరిది? పనివాడు వద్దని చెప్పాడా, వినియోగదారు వినలేదా అన్నది నోటిమాటగా ఉన్నంతకాలం తేలదు. ఇంకొక సంగతి షాక్ గురించి. "మీరు బిగించిన సిస్టమ్ ముట్టుకుంటే షాక్ కొడుతోంది" అని తిరిగి తెచ్చే కేసుల్లో చాలావాటికి బిగింపుతో సంబంధం ఉండదు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని అలజడిని వడకట్టడానికి పెట్టిన చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. వాటి గుండా వచ్చే అతి స్వల్ప కరెంటు ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌కు తగిలించినా, క్యాబినెట్టు మీద సరఫరా వోల్టేజిలో దాదాపు సగం నిలిచి, తాకినప్పుడు జివ్వుమంటుంది. అదే సిస్టమ్‌ను దుకాణంలో పెడితే ఏమీ ఉండదు. పాత మిద్దె ఇళ్లలోనూ, చెరువు గట్ల మీద వేసిన తాత్కాలిక షెడ్డు గదుల్లోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. దీనికి మందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ వేయించుకోవడమే, దుకాణదారుతో పోట్లాట కాదు. మైపాడు, కృష్ణపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనైతే ర్యామ్ కాంటాక్టులు, స్లాట్లు త్వరగా చిలుము పడతాయి. అక్కడి నుంచి తెచ్చిన పాత భాగాలను బిగించే ముందు శుభ్రం చేయడాన్ని కూడా పనిలో భాగంగా లెక్కకట్టాలి.

ఇక చట్టం సంగతి. ఒకరి వస్తువును ఒక పని నిమిత్తం మరొకరికి అప్పగించి, పని పూర్తయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటును 1872 నాటి భారత ఒప్పందాల చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. 148వ సెక్షన్ నుంచి దాని వివరాలు ఉన్నాయి. తనకు అప్పగించిన వస్తువును, సాధారణ వివేకం గల మనిషి అలాంటి సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్ చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, అతనికి బాధ్యత లేదని 152వ సెక్షన్ చెబుతుంది. దుకాణదారులు గోడకు తగిలించే "మీ సామానుకు మాకు బాధ్యత లేదు" అన్న మాట ఎంత మొరటుదో, "మీ చేతికిచ్చాక ఏం జరిగినా మీదే బాధ్యత" అన్న వినియోగదారుల మాట కూడా అంత మొరటుదే. అప్పగించేవారికీ ఒక బాధ్యత ఉంది. తనకు తెలిసిన లోపాన్ని దాచి వస్తువును అప్పగించి, దానివల్ల నష్టం జరిగితే అప్పగించినవారే బాధ్యులని 150వ సెక్షన్ అంటుంది. ఒకసారి పొగ వచ్చిన ఎస్ఎంపీఎస్‌ను ఆ మాట చెప్పకుండా ఇచ్చేవారు దీనిని గుర్తుంచుకోవాలి. కూలి విషయంలో 170వ సెక్షన్ దుకాణదారుకు అండగా ఉంటుంది. శ్రమ గానీ నైపుణ్యం గానీ పెట్టి పని చేసినవారు, అరువు ఒప్పుకోని పక్షంలో, తమకు రావలసిన కూలి ముట్టేవరకు ఆ వస్తువును తమ దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణలలో ముడి వజ్రాన్ని తీసుకుని సానపట్టే నగల పనివాడు ఒకరు. మన ఊరి సిస్టమ్ బిగించే కుర్రవాడి స్థానం కూడా అదే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 నుంచి కూడా ఈ పనికి మినహాయింపు లేదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే బిగింపు ఒక సేవ, ఉచితంగా చేసినది మాత్రం ఆ నిర్వచనంలోకి రాదు. అందువల్ల "మీ దగ్గర ఛార్జీ ఏం తీసుకుంటాంలే, ఇంకేదైనా కొనండి" అని దుకాణదారు పెద్దమనసుతో అన్నా, ఆ మాటకు సంబరపడే ముందు వినియోగదారు ఒకసారి ఆలోచించుకోవాలి. కూలి ఇచ్చి బిల్లు తీసుకున్నవారికే హక్కు గట్టిగా ఉంటుంది. సేవలో లోపం జరిగితే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ద్వారా రాజీకి ప్రయత్నించవచ్చు. ఆన్‌లైన్ అమ్మకందారు ఏ నగరంలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలు ఈ చట్టం కల్పించింది. అయితే కమిషన్ ముందుకు వెళ్లినా అడిగేది కాగితమే. ఏ సీరియల్ నంబరు గల బోర్డు, ఏ రోజున, ఏ స్థితిలో దుకాణానికి చేరింది అన్నది చూపలేనివారికి చట్టం చేయగలిగింది తక్కువ.

కాబట్టి నేను కోరే రసీదు పెద్ద దస్తావేజు ఏమీ కాదు. కార్బన్ కాగితం పెట్టి రాసే మామూలు బిల్లు పుస్తకంలో ఒక పేజీ చాలు. తెచ్చిన ప్రతి భాగం పేరు, మోడల్, సీరియల్ నంబరు, అది కొత్తదా పాతదా, పెట్టెకు సీలు ఉందా లేదా, సాకెట్ పిన్నులు చూశారా అన్నవి రాయాలి. దుకాణదారు ఏదైనా భాగం వద్దని సలహా ఇచ్చి, వినియోగదారు అయినా వాడమంటే ఆ సంగతి అక్కడే రాసి సంతకం పెట్టించుకోవాలి. బిగింపు కూలి ఎంత, విండోస్ వేయడం అందులో కలిసిందా, ఎప్పటికి ఇస్తారు, బిగింపులో లోపం వస్తే ఎన్ని రోజుల వరకు ఉచితంగా సరిచేస్తారు అన్నది కూడా ఉండాలి. భాగం పాడైతే దాని వారంటీ చూసుకోవలసింది కొన్నవారే అన్న మాట స్పష్టంగా ఉంటే దుకాణదారు గుండె మీది బరువు కూడా దిగుతుంది. భాగాల బిల్లులు వినియోగదారు దగ్గరే ఉండాలి. బాక్సుతో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్‌కు సంస్థ సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తుంది, పెట్టె లేకుండా ట్రేలో వచ్చిన దానికి ఆ హామీ సంస్థ నుంచి ఉండదు, అమ్మినవారినే అడగాలి. ఈ తేడా తెలియక చవకగా వచ్చిందని మురిసిపోయేవారు చాలామంది ఉన్నారు.

సీరియల్ నంబరు రాసుకోవడం వల్ల మరొక అనుమానం కూడా తీరుతుంది. "నా ర్యామ్ తీసేసి వేరేది పెట్టారు" అన్న నింద నేను చాలా చోట్ల విన్నాను. ర్యామ్ బంగారమంత ప్రియంగా మారిన ఈ రోజుల్లో అది ఇంకా పెరుగుతుంది. నిజం ఉన్నా లేకపోయినా అలాంటి నింద ఒక చిన్న దుకాణం పేరును ఊళ్లో పాడుచేస్తుంది. అప్పగించేటప్పుడు ఇద్దరూ నంబరు రాసుకుని, తీసుకునేటప్పుడు క్యాబినెట్టు పక్క మూత తెరిచి ఆ నంబరుతో సరిచూసుకుంటే సరిపోతుంది. పాత హార్డ్ డిస్కు తెచ్చినప్పుడు దానిని చెరపకూడదని రసీదు మీద పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. అంతకంటే మంచి పని, ఫొటోలూ లెక్కలూ ఇంకొక చోట కాపీ చేసుకున్న తరువాతే దానిని దుకాణానికి పంపడం, వీలైతే విండోస్ వేసే సమయంలో దాని తీగ తగిలించవద్దని చెప్పడం.

విండోస్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. లైసెన్సు లేని విండోస్ వేయమని అడిగేది వినియోగదారే, వేసేది దుకాణదారే. తెలిసి అక్రమ కాపీని కంప్యూటర్‌లో వాడేవారికి కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లైసెన్సు కొనలేనివారికి విండోస్ బదులు వాడుకోగల ఉబుంటు వంటివి ఉచితంగానే దొరుకుతాయి.

కూలి ఎంత ఉండాలన్నది నేను నిర్ణయించేది కాదు. ప్రాసెసర్‌తో పాటు వచ్చే కూలర్‌తో మామూలు సిస్టమ్ బిగించడానికీ, నీటితో చల్లబరిచే కూలర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న దానిని బిగించడానికీ ఒకే రేటు కుదరదు. పెద్ద కార్డులకు వచ్చే పదహారు పిన్నుల పవర్ కనెక్టర్‌ను చివరిదాకా నొక్కకపోతే ఏమవుతుందో 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కరిగిపోయిన ఉదంతాల్లో ప్రపంచమంతా చూసింది. అలాంటి పనికి ఎక్కువ అడగడం న్యాయమే. ఆ రేట్లను దుకాణం గోడ మీద తెలుగులో రాసి పెట్టాలని మాత్రం కోరుతున్నాను. రేటు కనబడితే వినియోగదారు ఆన్‌లైన్‌లో ఆదా అయ్యే డబ్బులోంచి కూలిని తీసివేసి లెక్క వేసుకుంటారు. ఒకోసారి ఆ లెక్కలో ఊరి దుకాణంలో కొనడమే మేలని కూడా తేలుతుంది. అప్పుడు భాగాలన్నింటికీ బాధ్యత ఒకరి మీదే ఉంటుంది, పాడైతే చెన్నైకో బెంగళూరుకో పార్శిళ్లు కట్టనక్కరలేదు. నన్ను సలహా అడిగే వృద్ధులకూ, చిన్న ఆఫీసులకూ నేను ఇప్పటికీ అదే చెబుతాను.

నెల్లూరు, ఒంగోలు పట్టణాలలో కంప్యూటర్ వ్యాపారం చేసేవారు తమలో తాము కూర్చుని ఒకే నమూనా రసీదును తయారుచేసుకుంటే ఎవరి వ్యాపారానికీ నష్టం ఉండదు. వారు ముందుకు వస్తే సీరియల్ నంబర్లు ఎక్కడ చూడాలో, పిన్నుల ఫొటో ఎలా తీయాలో తెలిపే అర పేజీ వివరణను ఆ రసీదు వెనక అచ్చు వేయడానికి రాసివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రెండు జిల్లాల ఐటీఐలలో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సు నేర్పుతున్న చోట, రసీదు రాయడాన్నీ, వినియోగదారు ఎదుట పరీక్ష చేసి అప్పగించడాన్నీ ప్రాక్టికల్స్‌లో చేర్చాలని అక్కడి బోధకులను కోరుతున్నాను. వేసవి సెలవుల తరువాత ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల్లో చేరే పిల్లల కోసం ఈ కొనుగోళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి కాబట్టి, జూన్ లోపే ఆ రసీదు దుకాణాల బల్లల మీదికి వస్తే ఈ ఏడాది కొనేవారికే ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
నెల్లూరు